పాత ఎమ్ఎమ్ 540ని ఎత్తు లేపించాను: సిరొంచ రేగడిలో నా అనుభవం

2025 జనవరిలో ఆల్లపల్లి దగ్గర ఒకాయన పెరట్లో పడి ఉన్న మహీంద్రా ఎమ్ఎమ్ 540 జీపు కొన్నాను. 1994 మోడల్, పెజో డీజిల్ ఇంజిన్, చంద్రాపూర్ నంబర్. లక్షా ఎనభై వేలు. బ్యాటరీ మార్చగానే ఇంజిన్ లేచింది. ఫోర్ వీల్ గేరు పడుతోంది, ఛాసీ మీద తుప్పు పైపైనే ఉంది. కమాన్లు (బండి బరువు మోసే, వంచిన ఉక్కు పట్టాల కట్టలు) మాత్రం అయిపోయాయి. వెనక నుంచి చూస్తే బండి డ్రైవర్ వైపుకు ఒరిగి నిలబడేది. నాకంటే ముందు వచ్చినవాళ్లు ఆ ఒరుగుడు చూసే వద్దనుకుని వెళ్లిపోయారట. అందుకే ఆ ధరకు నాకు దక్కింది.

మా సిరొంచ (మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా) వాళ్లం బురద కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ఒకపక్క ప్రాణహిత, ఇంకోపక్క గోదావరి, మధ్యలో నల్లరేగడి. వానలు పడ్డాయంటే ఆల్లపల్లి రోడ్డే సగం ఆఫ్‌రోడ్. మా బ్యాచ్‌లో ఒకరికి జిప్సీ, ఇంకొకరికి కొత్త థార్ ఉన్నాయి. అంకీస దాటాక మా మేనమామ బీడు ఒకటుంది, వానాకాలం ఆదివారాలు మా ఆట అక్కడే. ఆ బీడు చివరిదాకా పోయి సొంతంగా వెనక్కి రాగలిగే బండి నాకు కావాలి. టైర్లతో కలిపి యాభై వేలలో పని అయిపోవాలని లెక్క వేసుకున్నా. ట్రాక్టర్ నడిపే మా బావ ఆ లెక్క విని, "యాభై వేలకు కేజ్ వీల్స్ ఏయించుకో బామ్మర్దీ, పనైతది" అన్నాడు. కేజ్ వీల్స్ అంటే దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్‌కు తొడిగే ఇనుప చక్రాలు.

మొదట వచ్చిన సలహా దిమ్మల గురించి. పికప్ బండ్లకు వెనక యాక్సిల్‌కూ కమాన్‌కూ మధ్య ఇనుప దిమ్మ పెట్టి, ఆ రెంటినీ కలిపి పట్టే యూ బోల్టులు పొడవాటివి బిగిస్తే బండి లేస్తుంది, చవకలో అయిపోతుంది అన్నారు. నిజమే, అయితే వాటిలో కమాన్ యాక్సిల్ పైన కూర్చుని ఉంటుంది. నా బండిలో కమాన్ యాక్సిల్ కింద ఉంది. అక్కడ దిమ్మ పెడితే బండి లేవకపోగా ఇంకా దిగుతుంది. మా మెకానిక్ రాజన్న బండి కిందకు తీసుకెళ్లి వేలు పెట్టి చూపిస్తే గానీ నాకు బుర్రకెక్కలేదు.

రెండో దారి, కమాన్లను యాక్సిల్ కింద నుంచి తీసి పైకి ఎక్కించడం. ఒక్క దెబ్బకు ఐదు అంగుళాల దాకా వస్తుంది. కానీ యాక్సిల్ గొట్టం మీద కొత్త సీట్లు వెల్డింగ్ చేయాలి, పినియన్ (తిప్పే షాఫ్ట్ యాక్సిల్‌లోకి దూరే చోటు) కోణం చూసుకోవాలి, స్టీరింగ్ రాడ్లన్నీ మళ్లీ కట్టాలి. నాగ్‌పూర్‌లో అడిగితే పనికే అరవై వేల పైమాట చెప్పారు. రెడీమేడ్ కిట్ అడిగితే టైర్లు కాకుండానే నా బడ్జెట్ అక్కడికి అయిపోతోంది. చివరికి లారీల వాళ్లు ఎప్పటి నుంచో చేసే పనే ఖాయం చేసుకున్నా: ఉన్న కమాన్లకు వంపు తిరిగి తెప్పించి, ఒక్కో కట్టకు ఒక పట్టా కలిపి, షాకిల్స్ (కమాన్ ఒక కొసను ఛాసీకి కలిపే, ఊగే ప్లేట్లు) కాస్త పొడవు చేయించడం.

రాజన్న అప్పుడే ఇంకో సంగతి చెప్పాడు. కమాన్లు ఎంత లేపినా బాడీ లేస్తుంది తప్ప యాక్సిల్ మధ్యలో వేలాడే క్రౌన్ (గేర్లుండే గుండ్రటి డబ్బా) ఉన్నచోటే ఉంటుంది. బురదలో ముందుగా ఆనేది అదే. దాన్ని పైకి తెచ్చేది టైరొక్కటే. ఐదు అంగుళాల మోజు అక్కడితో వదిలేశా. కమాన్లతో రెండు అంగుళాలు, షాకిల్స్‌తో ఒకటి, ఆపైన టైర్లు ఎంత ఇస్తే అంత.

ఫిబ్రవరి మూడో వారంలో బండిని రాజన్న షెడ్డులో చెక్క దిమ్మల మీద నిలబెట్టాం. ముప్పై ఏళ్ల తుప్పు. రాత్రంతా డీజిల్ పోసి నానబెట్టినా యూ బోల్టుల నట్లు కదల్లేదు, గ్యాస్ కట్టర్‌తో కోసేశాం. పోతే పోయాయి, విప్పిన యూ బోల్టులు ఎలాగూ మళ్లీ వాడకూడదు, ఒకసారి బిగించాక సాగి ఉంటాయి. షాకిల్ పిన్నులు మాత్రం ఏడిపించాయి. బుష్‌లోని రబ్బరు పిన్నుకు అతుక్కుపోయి సుత్తికి లొంగలేదు, రబ్బరును కాల్చి తీయాల్సి వచ్చింది. ఆ వాసన షెడ్డులో మర్నాటిదాకా ఉంది. కట్టలన్నీ ట్రాలీలో వేసుకుని మంచిర్యాల పోదామంటే శివరాత్రి అడ్డొచ్చింది. కాళేశ్వరం జాతర రోజుల్లో మా వైపు బండి ఖాళీగా దొరకదు. మార్చి మొదట్లో గానీ కమాన్లు మంచిర్యాల చేరలేదు.

అక్కడ కమాన్ల పని చేసే కాకా ఒకాయన ఉన్నాడు. కట్టలు దింపగానే గోడకు వేలాడుతున్న నూలుదారం తీసి, పట్టా ఒక కన్ను (చివర పిన్ను దూరే చుట్ట) నుంచి రెండో కన్నుకు బిగించి, మధ్యలో దారానికీ పట్టాకూ ఎంత ఖాళీ ఉందో స్కేలు పెట్టి చూశాడు. డ్రైవర్ వైపు ముందు కమాన్, ఎడమవైపు దానికంటే ముప్పావు అంగుళం చదునైపోయింది. సెంటర్ బోల్టు విప్పి పట్టాలు విడదీస్తే ఒకదాని చివర ఇంకోదాన్ని కోసుకుంటూ గుంతలు పడ్డాయి. రెండు మెయిన్ పట్టాలకు కన్ను దగ్గర వెంట్రుకవాసి చీలిక. వెల్డింగ్ పెట్టిద్దామా అని అడిగితే నావైపు చూడకుండానే ఆ రెండింటినీ తుక్కులోకి విసిరేశాడు.

కొలిమిలో ఎర్రగా కాల్చి వంచుతారని అనుకున్నా. ఆయన నిప్పు జోలికే పోలేదు. పట్టాను రెండు ఇనుప దిమ్మల మీద ఆనించి, చల్లగానే పెద్ద సుత్తితో కొడుతూ, దెబ్బ దెబ్బకూ పట్టాను కొద్దిగా ముందుకు జరుపుతూ పోయాడు. పట్టా ఈ చివర నుంచి ఆ చివరకు చేరాక మళ్లీ దారం, మళ్లీ స్కేలు. తక్కువుంటే మళ్లీ మొదటి నుంచి. "ఎర్రగ కాలిస్తె పదును పోతది తమ్మీ. మళ్ల నూనెల ముంచాలె, మళ్ల సన్నగ కాల్చి పదును తేవాలె. గంత ఓపిక ఎవనికుంది? కాల్చి వంచిచ్చినోడు సూసెటందుకు మంచిగనే ఇస్తడు, ఒక్క వానాకాలం ఆగదు" అన్నాడు. డ్రైవర్ ఒక్కడే తిరిగే బండి అని చెబితే ఆ వైపు పావు అంగుళం వంపు ఎక్కువ పెట్టాడు. బరువు పడ్డాక కొంత దిగుతుందని అన్నింటికీ అర అంగుళం అదనంగానే ఉంచాడు.

రెండు వారాలన్న పని ఉగాది దాటాక చేతికొచ్చింది. మెయిన్ పట్టాలు సైజుకు దొరక్క ఆలస్యం. నాలుగు కట్టల కూలి, రెండు కొత్త మెయిన్లు, నాలుగు అదనపు పట్టాలు కలిపి 11,200 అయింది. ఇంత పనికి ఎక్కువేం కాదని నా అభిప్రాయం.

షాకిల్స్ సిరొంచలోనే పది మిల్లీమీటర్ల ప్లేటు కోయించి, లేత్ మీద రంధ్రాలు చేయించాం. షాకిల్ రెండు అంగుళాలు పెంచితే బండి లేచేది ఒక్క అంగుళమే, కమాన్‌కు ఒక కొసే పైకి పోతుంది కదా. ఇంకా పొడవు చేద్దామంటే రాజన్న ఒప్పుకోలేదు, పక్కలకు ఊగుతుందన్నాడు. ఊగకుండా రెండు ప్లేట్ల మధ్య అడ్డంగా గొట్టం ముక్క పెట్టి అతికించాడు. అన్నీ కలిపి 3,600.

ఏప్రిల్ చివరికి బండి నేల మీద నిలబడాలి. నిలబడలేదు. పట్టాలు పెరిగాయి కాబట్టి యూ బోల్టులు పొడవువి కావాలి. కొలతలు కాగితం మీద రాసి ఒక షాపుకు పంపితే పొడవు సరిగానే వచ్చింది, వెడల్పు తేడా. మార్చడానికి పది రోజులు తిప్పారు, తిరుగు పార్శిల్ డబ్బులు కూడా నాతోనే పెట్టించారు. ఈలోపు మే 15న కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలు మొదలయ్యాయి. 26 దాకా వంతెన మీద బండ్ల వరస తెగలేదు. రాజన్న షెడ్డుకు తాళం వేసి తన ట్రాక్స్ జీపుతో యాత్రికుల ట్రిప్పులు కొట్టుకున్నాడు. ఆ పన్నెండు రోజుల్లో ఆయన సంపాదించినది నా బండి మీద వచ్చేదానికంటే ఎక్కువే ఉంటుంది, కాబట్టి నేనేమీ అనలేకపోయా. ఎండలు కూడా అలాగే ఉన్నాయి, బయట పెట్టిన పానా గుడ్డ లేకుండా పట్టుకోలేం. రోజూ సాయంత్రం పోయి దిమ్మల మీద నిలబడ్డ బండిని చూసి రావడమే నా పని. వానలకు ముందే అవుతుందా లేదా అని నిజంగానే టెన్షన్ పట్టుకుంది.

మే నెలాఖరుకు కమాన్లు బిగిశాయి. ముందు మూడుంపావు అంగుళాలు లేచింది, వెనక రెండున్నర. ఒరుగుడు పోయింది. అసలు ఖర్చు అక్కడే మొదలైంది.

బండి నేల మీద ఉన్నప్పుడు బ్రేక్ హోస్‌లు బాగానే కనిపిస్తాయి. రాజన్న ఛాసీకి జాకీ పెట్టి, చక్రాలు గాల్లో వేలాడేదాకా లేపాడు. అప్పుడు ముందు హోస్‌లు రెండూ బిర్రబిగుసుకుపోయాయి. బురదలో ఒక చక్రం గుంతలోకి జారినప్పుడు జరిగేది ఇదే. అలాగే వదిలేసి ఉంటే బీడులో ఎక్కడో బ్రేకులు పోయేవి. ఎత్తు పెంచినవాళ్లు ఎవరైనా సరే ఈ ఒక్క పరీక్ష చేయించుకోకుండా షెడ్డు గేటు దాటొద్దు. ముందు రెండు, వెనక ఒకటి, పొడవాటివి 1,500.

పాత షాక్ అబ్జార్బర్లు కూడా పొడవు చాల్లేదు. కమాన్ ఇంకా దిగగలిగినా షాక్ పట్టి ఆపేస్తోంది. షాక్ మూసినప్పుడు ఎంత, పూర్తిగా లాగినప్పుడు ఎంత అని రెండు కొలతలూ తీసుకుని పోతేనే సరైనది దొరుకుతుంది. పికప్ బండి షాక్‌లు సరిపోయాయి, నాలుగు 6,600. వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక యాక్సిల్‌ను తిప్పే పొడవాటి గొట్టం) సంగతి ఇంకా భయంకరం. జారే జాయింట్ బయటికి వచ్చేసి లోపల ముప్పావు అంగుళం పళ్లే పట్టి ఉన్నాయి. గొట్టం పొడవు చేయడం మా దగ్గరా చేస్తారు గానీ బ్యాలెన్సింగ్ మిషన్ ఉండదు. కరీంనగర్ పంపించాం. 3,800, ఇంకో వారం.

జూన్ మొదటి వారంలో పాత టైర్లతోనే రోడ్డెక్కించా. నలభై దాటితే స్టీరింగ్ తేలిపోతోంది. బండి తనకు నచ్చిన పక్కకు పోతుంటే నేను వెనక్కి లాక్కుంటున్నా. షాకిల్ పొడవు పెరగ్గానే ముందు యాక్సిల్ తిరిగిపోయి కోణం మారిందన్నమాట. కమాన్‌కూ యాక్సిల్ సీటుకూ మధ్య ఒకపక్క మందంగా, ఇంకోపక్క పలచగా ఉండే టేపర్ ప్లేట్లు లేత్‌లో తీయించి పెట్టాక దారికొచ్చింది. అలైన్‌మెంట్ మిషన్ మీదకు పంపుదామంటే రాజన్న నవ్వాడు. టైర్ల మధ్యలో సుద్దగీత గీసి, టేపుతో ముందొక కొలత, వెనకొక కొలత తీశాడు. వెనకకంటే ముందు మూడు మిల్లీమీటర్లు తక్కువ వచ్చేదాకా ముందు చక్రాలు రెండింటినీ కలిపే టై రాడ్ తిప్పాడు. ఇప్పుడు యాభై, అరవైలో చేయి తేలికగా పెట్టి పోవచ్చు. అంతకు మించి ఈ బండిని తోలాలని నాకే లేదు.

టైర్లు 6.00-16 తీసేసి 7.00-16 వేయించా, ఎత్తు గళ్లవి. ట్యూబు, ఫ్లాపుతో ఒక్కోటి 7,100, స్టెపినీతో కలిపి ఐదు. క్రౌన్ లేచింది అంగుళానికి కాస్త పైన. ఇన్ని నెలల పనిలో బురదకు నేరుగా పనికొచ్చిన ఎత్తు అదొక్కటే. డబ్బు తక్కువున్నవాళ్లు ముందు టైర్లే కొనుక్కోండి, కమాన్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు. పెద్ద టైర్లు పూర్తిగా తిప్పినప్పుడు కమాన్‌కు రాసుకుంటున్నాయని, చక్రం ఎంత తిరగాలో ఆపే స్టాపర్ బోల్టు కొంచెం బయటికి తీశాం. దాంతో మా సందు మలుపులో ఒకసారి రివర్స్ కొట్టకుండా తిరగదు. స్పీడోమీటర్ యాభై చూపిస్తే బండి నిజానికి యాభై నాలుగు మీద ఉంటుంది. మైలేజీ రెండు కిలోమీటర్లు పడిపోయింది. అమ్మ ఎక్కాలంటే ప్లాస్టిక్ స్టూలు వేయాలి. అది ఇప్పుడు బండిలోనే ఉంటుంది.

జూలై 6, తొలి ఏకాదశి, ఆదివారం. రెండు రోజులు కురిసి తెరిపిచ్చింది. మామ బీడులోకి మొదట థార్ దిగింది, తర్వాత నేను. రేగడి గురించి తెలియనివాళ్లకు ఒక మాట: అది టైరు గళ్లలో దూరి అలాగే ఉండిపోతుంది, పది గజాల్లో ఎంత మంచి టైరైనా నున్నగా అయిపోతుంది. ఫోర్ వీల్‌ను లో రేంజ్‌లో పెట్టి, రెండో గేరు వేసి, యాక్సిలరేటర్ ఒకేలా పట్టుకుని, ఆపకుండా పోవాలి. అప్పుడప్పుడు ఒక్కసారి గట్టిగా తిప్పితే మట్టి విసిరేసి గళ్లు కనిపిస్తాయి. ఆ మట్టి ఎక్కడ పడుతుందన్నది వేరే సంగతి. మామ పంచె మీద పడింది.

టైర్లలో గాలి పద్దెనిమిది పీఎస్ఐకి దింపా. జిప్సీ అతను పన్నెండుకు దింపమని గోల. అతనివి ట్యూబ్‌లెస్. నావి ట్యూబు టైర్లు, మరీ తగ్గిస్తే టైరు రిమ్ము మీద తిరిగి వాల్వ్‌ను తెంపేస్తుందని రాజన్న ముందే హెచ్చరించి, టైరుకూ రిమ్ముకూ కలిపి ఒక సుద్దగీత గీసిచ్చాడు. పద్దెనిమిదిలోనే సాయంత్రానికి ఆ గీత రెండు వేళ్లంత తప్పింది, వాల్వ్ పక్కకు వాలింది. అప్పటి నుంచి ఇరవై కంటే తగ్గించడం లేదు.

ఫోర్ వీల్ అంటే నాలుగూ లాగుతాయని ఊళ్లో అందరూ అనుకుంటారు. నా బండికి డిఫరెన్షియల్ లాకుల్లేవు, అంటే ఒక యాక్సిల్‌కున్న రెండు చక్రాలనూ కలిపి తిప్పే ఏర్పాటు లేదు. కాలువ గట్టు ఏటవాలుగా ఎక్కుతుంటే ముందు కుడిచక్రం, వెనక ఎడమచక్రం తేలిపోయాయి. ఆ రెండే గిరగిరా తిరుగుతున్నాయి, నేల మీదున్న రెండూ ఊరికే చూస్తున్నాయి. ఎత్తు పెంచితే ఈ జబ్బు పోదు. బావ కేజ్ వీల్స్ ట్రాక్టర్ తెచ్చాడు. గొలుసు వద్దని నైలాన్ బెల్టు ఛాసీ హుక్కుకు కట్టించాం, గొలుసు తెగితే ఎటు పోతుందో చెప్పలేం. "నేనేం జెప్పిన బామ్మర్దీ" అని మాత్రం అన్నాడు. ఆ రోజు థార్‌ను కూడా ఆయనే లాగాడు, కాబట్టి నాకంత బాధ అనిపించలేదు.

మరుసటి వారం క్రౌన్ ఆయిల్ దింపి చూస్తే పాలు కలిపిన టీ రంగులో వచ్చింది. వేడెక్కిన యాక్సిల్ చల్లటి నీళ్లలో దిగగానే పైనున్న బ్రీదర్ అనే గాలి రంధ్రంలోంచి నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. రెండు యాక్సిళ్ల బ్రీదర్లకూ సన్నని పైపు తొడిగి ఇంజిన్ గదిలో పైదాకా తెచ్చి కట్టాం. 250 రూపాయలు. మొత్తం పనిలో అన్నిటికంటే చవకైనదీ, అన్నిటికంటే ముందు చేయాల్సినదీ అదే.

లెక్క చూసుకుంటే అంతా కలిపి దాదాపు 79 వేలు. బండిని నిజంగా లేపిన కమాన్లు, షాకిల్స్ కలిపి పదిహేను వేలకు లోపే. టైర్లు 35,500. రాజన్న కూలి 12 వేలు. మిగిలిందంతా యూ బోల్టులు, బుష్‌లు, హోస్‌లు, షాక్‌లు, షాఫ్ట్ లాంటివే, ఎత్తు పెరిగినందుకు వెంటపడి వచ్చినవి. ఎవరైనా "పదిహేను వేలలో లిఫ్ట్ చేసిస్తా" అంటే అబద్ధం కాకపోవచ్చు, మిగతా అరవై వేల సంగతి అడగండి.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. పట్టుకుంటే మార్పుకు 5 వేల చొప్పున జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గరా పేచీ వస్తుంది. అందుకే దీన్ని ఊరూ చేనూ దాటించడం మానేశాను, చంద్రాపూర్, మంచిర్యాల పనులకు బస్సే. పాత షాకిల్స్, పాత టైర్లు అటక మీద ఉన్నాయి. ఆర్సీ 2029 దాకా ఉంది. అప్పటికి బండిని మళ్లీ కంపెనీ ఎత్తుకు దించే తీసుకెళ్లాలి. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు రిన్యూవల్ ఫీజు 10 వేలు చేశారు, అది వేరే.

యూ బోల్టులు మొదటి రెండు వందల కిలోమీటర్లకే వదులయ్యాయి, మళ్లీ బిగించాం. ఇప్పుడు నెలకోసారి పానా పెట్టి చూసుకుంటున్నా. దీపావళి తర్వాత కొలిస్తే ముందు రెండూ పావు అంగుళం దిగాయి. కాకాకు ఫోన్ చేస్తే, "కూసునేది కూసున్నది, ఇగ దిగది" అన్నాడు. వెనక ఎడమది మాత్రం అర అంగుళానికి పైనే దిగింది. దాన్ని విప్పి తెమ్మన్నాడు, శివరాత్రి రద్దీ మొదలవ్వకముందే తీసుకుపోవాలి.